పిండికట్టుకీ పిండికట్టుకీ నడుమ

హరితకి ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. ఇవాళ పిల్ల మడమ వెనకనున్న నరం కోసేశాక అది మళ్ళీ అతుక్కోదేమోనని, ఇషిత జన్మంతా ఒక కాలు ఈడ్చుకుంటూనే నడుస్తుందేమోనని. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందని కాదు. అంటే పక్కనున్నవాళ్ళు ఏదో ఒక ధైర్యం చెబుతారు, అది వినే ఓపిక ఇప్పుడు లేదు. ప్లాస్టరు గది బయట బల్ల మీద కూర్చుంది. ఒళ్ళో మూడో నెల దాటిన పిల్ల, ఆకలితో ఉంది. ఉండాలి కూడా, ఇక్కడి పద్ధతే అది. కట్టు వేసే రోజు పాలివ్వకుండా తీసుకురమ్మంటారు. లోపల డాక్టరమ్మ పాదం పట్టుకుని తిప్పుతున్నంతసేపూ తల్లి పాలిస్తూ ఉండాలి. నోటికి పాలందితే పిల్ల కాలు సంగతి మరిచిపోతుంది, కాలు మెత్తబడుతుంది, మెత్తబడిన కాలే మాట వింటుంది. అందుకని ఇంటిదగ్గర బయల్దేరే ముందు నుంచీ ఇవ్వలేదు. పాలు చేపుకొచ్చి కుర్తా తడిసిపోతే పైన శాలువా కప్పుకుంది. ఇషిత మొదట గుప్పిళ్ళు చప్పరించింది, తర్వాత శాలువా అంచు, ఇప్పుడు ముఖం అటూ ఇటూ తిప్పుతూ వాసన పట్టి వెతుకుతోంది. ఇంకొంచెం సేపు తల్లీ, ఇంకొంచెం సేపు అంటూ హరిత ఆ కుడికాలు నిమురుతోంది. పక్కబల్ల మీద ఒకావిడ పిల్లాడికి బిస్కెట్టు పెడుతుంటే కరకరమన్న ఆ చప్పుడుకే కోపం వచ్చింది.

వారానికి ఒక్కసారే ఈ కాలు బయటికొస్తుంది. తొడ దగ్గర్నుంచి వేళ్ళ మొదలుదాకా పిండికట్టు, చివర్న అయిదు వేళ్ళు మాత్రం గూట్లోంచి తొంగిచూసే పిచ్చుకపిల్లల్లా కనిపిస్తుంటాయి. పొద్దున క్వార్టరు బాత్రూములో గీజరు నీళ్ళు బకెట్లో పట్టి, కాలు అందులో నానబెట్టి, మెత్తబడ్డ కట్టుని చుట్టు వెనక చుట్టు విప్పుతుంటే నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. లోపల్నుంచి కాలు వచ్చింది, ముడతలు పడి, పొట్టు రాలుతూ, నానబెట్టిన వేరుశెనగ గింజలాగా. పాత కట్టు విప్పిన దగ్గర్నుంచి కొత్త కట్టు పడేదాకా, ఈ కాస్త వేళా ఈ కాలు హరితది. మిగతా వారమంతా ఆసుపత్రిది. ఢిల్లీ కంటోన్మెంటు నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ దుప్పట్లో చెయ్యి పెట్టి పట్టుకునే ఉంది. ఎడమ పిక్క పట్టుకుంటే వేళ్ళ నిండా వస్తుంది, కుడిపిక్క సన్నం, దొండకాయంత. ఈ తేడా ఎప్పటికీ కొంచెం ఉండిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, బట్టల కింద ఎవరికీ తెలీదులే అంది. ఎవరికీ తెలీకపోతే తల్లికి తెలీకుండా పోతుందా. అయినా పుట్టిననాటి కాలుకీ దీనికీ పోలికే లేదు. ఆరోజు నర్సు గుడ్డ తీసి చూపిస్తే పాదం లోపలికి ముడుచుకుని, అరికాలు పైకి తిరిగి, పిల్ల తన అరికాల్ని తనే చూసుకుంటున్నట్టుంది. ఇప్పుడు అదే పాదం బయటికి తిరిగి నెమ్మదిగా ముందుకి చూస్తోంది. ఒక్క మడమే పైన ఉండిపోయింది, ఎవరో వెనకనుంచి తాడు కట్టి లాగిపెట్టినట్టు. పాదం చాలినంత తిరిగి ఉంటే, ఆ తాడే ఇవాళ కోసేది.

నరం తెగినవాళ్ళు ఎలా నడుస్తారో హరిత చూసింది. కేశవరావు మావయ్య, అమ్మకి తమ్ముడు. గాలివానకి ఎగిరొచ్చిన ఇంటికప్పు రేకు ఆయన మడమ వెనక తగిలింది. ఎవరో కర్రతో కొట్టారనుకుని వెనక్కి తిరిగి తిట్టబోయాడట, చూస్తే ఎవరూ లేరు. పైతోలుకి కుట్లు వేశారు, లోపల ఏం తెగిందో ఎవరూ చూసుకోలేదు. అప్పట్నుంచి మావయ్య మునివేళ్ళ మీద లేవలేడు. అటక మీద డబ్బా అందుకోలేడు. మెట్లెక్కితే ఒక కాలే ఎక్కుతుంది, రెండోది దాని వెనక చుట్టంలా వస్తుంది. పిక్క కండ పైకి ఎగబాకి మోకాలి కింద ముద్దలా నిలిచిపోయింది. అది ఇక కిందికి రాదు, పట్టుకునే తాడు లేదు కదా. ఆ ముద్ద తలుచుకుని హరిత పిల్ల కుడిపిక్కని అరచేత్తో కప్పింది. ఈ దొండకాయంత పిక్క కూడా అలాగే పైకి ఎగబాకితే.

కానీ డాక్టరమ్మ మొదటివారం చేసిన పని ఒకటి ఉంది, అది గుర్తొచ్చినప్పుడల్లా భయం కాస్త పక్కకి తప్పుకుని దారి ఇస్తుంది. ఏదో చెప్పబోయి, హరితకి ఏమీ ఎక్కడం లేదని కళ్ళల్లో చూసి, చెప్పడం మానేసి, "ఖడీ హో జావో, పంజోం పర్" అంది. హరిత చెప్పులు విడిచి మునివేళ్ళ మీద లేచింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి తీసుకుని ఆమె మడమ వెనకే పెట్టింది. వేళ్ళ కింద అది బిర్రుగా, నూతి చేదతాడులా. దించమంది, వదులైంది. లేవమంది, బిగుసుకుంది. ఇన్నేళ్ళు ఇంత లావు తాడు వెంటేసుకుని తిరుగుతూ తను ఒక్కసారైనా దాన్ని పట్టుకుని చూడలేదు. ఆ సాయంత్రం వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి, గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద లేస్తూ దిగుతూ, ఒంగి తన కాళ్ళు తనే తడుముకుంది. పిక్కలో పైకండ రెండు పాయలు, లోపల ఒకటీ బయట ఒకటీ, ఒకే కొమ్మకి కాసిన రెండు కాయల్లా. దాని కింద చందువ చేపలా చదునైన కండ ఇంకొకటి, అది చేతికి సరిగా దొరకదు, పక్కలనుంచి వేళ్ళు జొనిపితే తగులుతుంది. అన్నీ కిందికి దిగి దిగి సన్నబడి కలిసిపోయి ఒక్క తాడై మడమ ఎముకని పట్టుకున్నాయి. మనిషి బరువంతా ఆ తాడే ఎత్తుతుంది. నీళ్ళబిందె, చంకలో పిల్ల, సిలిండరు పట్టుకుని మెట్లెక్కిన రోజు సిలిండరు, అన్నిటినీ అదే ఎత్తింది. ఎవరూ దానికి దణ్ణం పెట్టలేదు. పప్పు మాడింది.

ఆ చదును కండ గురించి ఆమె భర్త, జవాను తిరుమలేష్‌కి తెలుసు, పేరు తెలీకుండానే తెలుసు. పెళ్ళైన కొత్తలో, పరేడ్ రిహార్సల్స్ నుంచి పొగమంచు ముఖంతో ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ చెప్పాడు. సావధాన్‌లో, కదలకుండా, గంటలు గంటలు నిలబడితే కుర్రాళ్ళు దబ్బున పడిపోతారు, ఒంట్లో నెత్తురంతా కాళ్ళల్లోకి దిగిపోతుంది. అందుకని డ్రిల్లు చేయించే ఉస్తాద్ ఒక కిటుకు నేర్పుతాడు, బయటికి బొమ్మలా ఉండు, బూటు లోపల మాత్రం వేళ్ళు ఆడిస్తూ ఉండు, పిక్కలు బిగిస్తూ వదులుతూ ఉండు, పిక్క పిండితే నెత్తురు మళ్ళీ పైకి ఎక్కుతుంది, పిక్క కూడా గుండె లాంటిదే. హరిత నవ్వింది అప్పుడు. అంతమంది జవాన్లు రాయిలా నిలబడి ఉంటే, వాళ్ళ బూట్లలో వేలవేల వేళ్ళు దొంగచాటుగా ఆడుతున్నాయని ఊహించుకుంటే నవ్వురాదా మరి. ఇప్పుడు అతను ఎక్కడో మంచుకొండల్లో, ఫోనుకి సిగ్నలు దొరికిన రోజు దొరికినట్టు. మొన్న దొరికినప్పుడు, "నువ్వు అక్కడుండి చూస్తున్నావు, నీకే తెలుస్తాది, నువ్వెలగంటే అలగే" అన్నాడు. ఆ మాట ప్రేమే. బరువు కూడానూ. ఒంటికాలి మీద నిలబెట్టినట్టు బరువు. నువ్వెలగంటే అలగే అనిపించుకోవడానికి హరిత ఏం చదివిందని.

ఇంటర్లో చేరింది బైపీసీలో. కొన్ని నెలలు. ఆకులు, వేళ్ళు, వానపాము, అంతవరకూ వచ్చారు. తర్వాత లారీ నడిపే నాన్న మంచానపడ్డాడు, కాలేజీ బ్యాగు మేకుకి ఎక్కింది, తర్వాత పెళ్ళి. కండరాల పాఠం పుస్తకం వెనకాల ఎక్కడో ఉండేది. ఎర్రగా బొమ్మ, తోలు లేని మనిషి. తిరగేసినప్పుడు భయమేసి పేజీ మూసేసేది, మేడమ్ చెప్పినప్పుడు చూద్దాంలే అని. ఆ పాఠం రానే లేదు. ఇదిగో, ఇక్కడికొచ్చింది. ఎదురుగా గోడకి అదే బొమ్మ, ఒంటికాలు నిలువెత్తున, ఎర్ర కండలు, తెల్ల తాళ్ళు, బాణాలు వేసి పక్కన ఇంగ్లీషు పేర్లు. ప్రతీవారం ఈ బల్ల మీద కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే ఒక్క పేరుకీ నోరు తిరగలేదు. అందుకని తనే పేర్లు పెట్టుకుంది. ముందువైపు పెద్దెముక పక్కన పాదాన్ని పైకి లేపేది ఒకటుంది, అది మంచిపిల్ల. లోపల ఎముకల మధ్య దాక్కుని చీలమండ చుట్టూ తిరిగి అరికాల్లోకి దూరి పాదాన్ని లోపలికి లాగేది మొండిఘటం. ఇషిత కాలు ఇలా తిరగడంలో దాని లాగుడూ ఉందట. బయటివైపు పాదాన్ని బయటికి లాగాల్సినది బద్ధకస్తురాలు. కానీ ఆ బద్ధకస్తురాలి తాడు ఎక్కడికి పోయిందో బొమ్మలో వేలు పెట్టి చూసినరోజు హరితకి ఒళ్ళు జలదరించింది. మోకాలి దగ్గర బయటివైపు బయల్దేరి, చీలమండ వెనకనుంచి కిందికి దిగి, పాదం కిందనుంచి అడ్డంగా, అరికాలి అడుగునుంచి, ఇటువైపు బొటనవేలి మొదలుదాకా వచ్చి ముడిపడింది. లోపలివైపు నుంచి మంచిపిల్ల తాడు కూడా వచ్చి అక్కడే ముడిపడింది. ఒకటి అటునుంచి, ఒకటి ఇటునుంచి, నడిమికి పాదం. చీరతో కట్టిన ఉయ్యాల. మనిషి పాదం ఉయ్యాల్లో పడుకుని ఉంది, జన్మంతా, నడుస్తూ కూడా.

ఇషిత రాగం తీసింది. పాలకి ఏడ్చే ఏడుపు, మొదట సన్నంగా మొదలై గొంతులో గొళ్ళెం పడినట్టు ఆగి మళ్ళీ మొదలవుతుంది. హరిత లేచి అటూ ఇటూ తిరుగుతూ, కుడికాలు చేత్తో పట్టుకుని, బొటనవేలు చివర గోటితో గిలిగింత పెట్టింది. వేలు పైకి లేచింది. లేవగానే హరిత అరచేతి కింద, మోకాలికి కొంచెం దిగువన, ఏదో కదిలింది. చీమ నడిచినట్టు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ కదిలింది. వేలు ఇక్కడ, కదిపింది అక్కడ. వేలిని లేపే కండ వేలిలో లేదు, పాదంలో కూడా లేదు, పైన పిల్ల మోకాలి కింద కూర్చుని ఇంత పొడుగు దారం పట్టుకుని బొమ్మలాటవాడిలా లాగుతోంది. ఇన్ని వారాలు పిండికట్టులో చీకట్లో ఉండి కూడా ఎవరి పని వాళ్ళు మరిచిపోలేదు. ఏడుస్తున్న పిల్లని భుజాన వేసుకుని, జనం నడుమ, ఫినాయిలు వాసన నడుమ, హరిత అలా నిలబడిపోయింది. ఇదంతా తన కడుపులో జరిగిందా. తను మజ్జిగన్నం తింటుంటే, సీరియల్ చూస్తుంటే, తిరుమలేష్‌తో అలిగి పడుకుంటే, లోపల ఒక్కో దారం ఒక్కో వేలికి ముడిపడుతూ ఉందా. తను ఒక్క ముడి కూడా వెయ్యలేదు. ఒక ముడి కాస్త బిర్రుగా పడింది, అంతేనా. అందరూ అడిగింది, గ్రహణంనాడు ఏం కోశావు, ఏం తిన్నావు అని. ఇన్ని ముడులు సరిగ్గా పడినందుకు ఏం తిన్నావు అని ఒక్కరూ అడగలేదు.

ఫోను మోగింది. అత్త, సీతారత్నం, శ్రీకాకుళం నుంచి.

"ఏటే అమ్మా, పిలిసినారా?"

"ఇంకా లేదత్తా."

"కోస్తారంటావా?"

"సూసి సెప్తారట."

"కొయ్యించకే తల్లీ. నాను మల్లీ రైలెక్కి వచ్చీసి నీలు పోస్తాను. ఏడాది పట్టినా నానే సాగదీస్తాను. కోసీసినాక మరేటుంటాది?"

"అలగని కాదత్తా, డాక్టరమ్మ..."

"డాక్టరమ్మ పిల్లకేటి, సక్కగా నడుస్తాది. నీకేటి తెలుసునే, నిన్నటి పిల్లవి."

"నాకేటీ తెలీదు. అందుకే ఇక్కడికొచ్చినాను."

"డిల్లీ ఎల్లి బాగానే నేర్చినావు మాటలు." అంతలో ఇషిత ఏడుపు అటు వినబడింది. "అదెందుకలా ఏడుస్తంది?"

"ఆకలి. పాలియ్యకూడదన్నారు."

"సచ్చినోల్లు! పసిగుడ్డుని మాడ్సీసి ఏటి వైద్దిగమే అది? సాటుకెల్లి ఓ గుక్క పట్టు, ఎవులు సూస్తారు?"

హరితకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఫోను పెట్టేశాక కూడా అత్త కాళ్ళే కళ్ళ ముందు. పురుటికి వచ్చి నెలపైన ఉంది. రోజూ పొద్దున బాత్రూములో పీట వేసుకుని, చీర తొడలదాకా ఎగ్గట్టి, రెండు కాళ్ళూ బారచాపి, ఆ కాళ్ళ నడుమ పల్లంలో పిల్లని పడుకోబెట్టి నీళ్ళు పోసేది. పొలం గట్ల మీద ఏళ్ళతరబడి నడిచిన పిక్కలు, నల్లగా, రాళ్ళలాగా, వాటి మధ్య ఎర్రటి పిల్ల, తొట్టెలో ఉన్నట్టు. ఒక జత కాళ్ళు ఇంకో జత కాళ్ళని మోస్తున్నాయి. నూనె మర్దన, ముక్కు నిలబెట్టడం, తల గుండ్రంగా ఒత్తడం, కుడిచెయ్యి ఎడమకాలికి తగిలించడం. ఆఖర్న ఆ పాదం పట్టుకుని వేళ్ళని పైకి, పైకి, గట్టిగా. "ముక్కు తీర్సినాను, తల తీర్సినాను, పాదమేటి, అదీ తీర్తాది, మీ ఆయన్ని తీర్సింది ఎవులనుకున్నావు" అనేది. నెల తిరిగేసరికి వేళ్ళు నిజంగానే పైకి లేచాయి. ఇల్లంతా సంబరం, పక్క క్వార్టర్లకి లడ్డూలు. డాక్టరమ్మ పాదాన్ని పక్కనుంచి తిప్పి చూసింది. మడమ ఎక్కడిదక్కడే పైన ఉంది, పాదమే నడిమికి వంగుతోంది, పడవ అడుగులాగా. ఎవరు చేశారంది. హరిత తిట్లకి సిద్ధపడి, సాస్ అంది, అత్తగారని. డాక్టరమ్మ తిట్టలేదు. చేతులు మంచివే, దిక్కే తప్పు అంది. పాదాన్ని పైకి కాదు, ముందు బయటికి తిప్పాలి, చీలమండ ముందున్న ఒక్క ఎముక మీద బొటనవేలు ఆనించి, తలుపు బందు మీద తిరిగినట్టు. పాదంలో ఎముకలన్నీ ఆ ఒక్కదాని చుట్టూ తిరుగుతాయి. మిగతావి తిరిగితే మడమ తనంతట తనే తిన్నబడుతుంది. ఆఖర్న తాడొక్కటే మిగులుతుంది. వారం వారం అదే జరగడం హరిత కళ్ళారా చూసింది. అత్త బలానికి లొంగనిది, రెండు వేళ్ళ మెత్తదనానికి లొంగింది.

"ఇషితా!" లోపల్నుంచి కేక.

డాక్టరమ్మ కాలు చేతిలోకి తీసుకుంది. బయటికి తిప్పింది, తిరిగింది, హాయిగా, ఎంత తిప్పితే అంత. పైకి లేపబోయింది. ఆగిపోయింది. "బాహర్ పూరా ఆ గయా. అబ్ ఆజ్ కాట్ దేతే హైఁ. మమ్మీ, ఠీక్ హై?"

పాదం పూర్తిగా బయటికి తిరిగింది, ఇవాళ కోసేద్దాం, సరేనా అని. మమ్మీ అంటే తనే. అడిగింది తననే. నువ్వెలగంటే అలగే. హరిత నోరు ఎండిపోయింది, రొమ్ములు కారుతున్నాయి. ఇన్నాళ్ళు ఎవరితోనూ అనని మాట హిందీలో బయటికొచ్చింది, సొంత భాషలో అయితే వచ్చేది కాదేమో. "మేడమ్, జుడేగా నా?" అతుకుతుందా. మావయ్య సంగతి కూడా చెప్పేసింది, గాలివాన, రేకు, ముద్ద, తప్పుల హిందీలో, అన్నీ.

డాక్టరమ్మ తొందరపడలేదు. పెద్దవాళ్ళకి అలా అవుతుంది, నిజమే అంది. తర్వాత హరిత వేలు తీసుకుని పిల్ల మడమ వెనక పెట్టింది. అదుగో, తన కాలికున్న తాడే, మరీ సన్నంగా, వీణతీగలాగా. "దేఖో, సబ్ కుఛ్ బనా రహీ హై యే లడ్‌కీ. హడ్డీ, బాల్, నాఖూన్. యే భీ బనా లేగీ." ఎముకలు, జుట్టు, గోళ్ళు అన్నీ తనే తయారుచేసుకుంటున్న పిల్ల, ఇదొక్కటి చేసుకోలేదా. కోసిన రెండు కొసల మధ్య ఖాళీలో మూడు వారాల్లో కొత్త తాడు పేనుకుంటుంది. పాతదానికంటే పొడుగ్గా, ఎంత కావాలో అంత. పై తొడుగు తెగదు, దాని లోపలే పేనుకుంటుంది.

హరిత తలాడించింది. పిల్లని రొమ్ముకి ఆనించగానే ఇషిత ఆత్రంగా పట్టింది, ఊపిరి కూడా తీసుకోకుండా, గుటక గుటకకీ ఒళ్ళంతా మెత్తబడుతూ. మొదట మందు సూది, అప్పుడొక్కసారి ఉలిక్కిపడి నోరు వదిలి మళ్ళీ పట్టుకుంది. తర్వాత సన్నటి కత్తి. హరిత తల తిప్పుకుందామనుకుంది, తిప్పుకోలేదు. పొడిచిన చోట ఆవగింజంత నెత్తురు. లోపల ఏదో టుక్కుమంది, చెవికి కాదు, పిల్లని పట్టుకున్న చేతికి తెలిసింది. అంతే, పాదం పైకి వచ్చింది. ఎన్ని నెలలుగా ఎన్ని చేతులు లాగినా రానిది, లోపలి గడియ తీసిన తలుపులా, దానంతట అదే. మడమ కిందికి దిగింది. ఆ మడమని హరిత ఇంతవరకూ చూడనే లేదు. ఎప్పుడూ పైకి ముడుచుకుని ఉండేది. ఇప్పుడు గుండ్రంగా, ఎర్రగా, ఇప్పుడే పుట్టినట్టు. పిల్ల పాలు తాగుతూనే ఉంది. తను ఒక్క మాటా చెప్పకుండా, ఒక్క ముడీ తెలీకుండా తన ఒంట్లో పాలు తయారవుతున్నాయి, ఆ పాలలోంచే పిల్ల ఒంట్లో ఇప్పుడు, ఈ క్షణం నుంచే, తాడు తయారవుతుంది. ఎవరు చెప్పారు దానికి ఎలా పేనాలో. ఏ కాలేజీలో చదివింది. హరితకి ఒళ్ళంతా పులకరించి, భయం ఎక్కడుందో వెతుక్కుంటే దొరకలేదు.

తడి పట్టీలు చుడుతూ, పిండి నునుపు చేస్తూ, డాక్టరమ్మ అంది: ఈ కట్టు మూడు వారాలు విప్పొద్దు. తర్వాత బూట్లు, రెండు బూట్లనీ కలిపే కడ్డీ, మొదట పగలూ రాత్రీ, ఆ తర్వాత నిద్రపోయేటప్పుడు, నాలుగేళ్ళు వచ్చేదాకా. పాదం తిన్నగా కనిపించిందని మానేస్తే కండలకి పాత దారి గుర్తొస్తుంది. ఆ మాట అంటూనే తలెత్తి హిందీలో అడిగింది. "మీ తెలుగావిడ, కావేరి, ఆవిడేం రావడం లేదు? ఫోను కూడా ఎత్తడం లేదు."

కావేరి. ద్వారకలో ఉంటుంది, భర్తది సాఫ్ట్‌వేర్, హైదరాబాద్ వాళ్ళు. మొదటి కట్టునాడు హరిత ఈ గదిలో పిల్లకంటే గట్టిగా ఏడుస్తుంటే, తన కొడుకు చైతు కుడిపాదం హరిత చేతిలో పెట్టి, "చూడు, మా వాడిది ఎట్లయిందో, మీ పాపది గూడా గిట్లనే అయితది" అన్న మనిషి. నడక నేర్చిన పిల్లాడు, ఈ వరండా అంతా తపతపా తిరిగేవాడు. పోయిన నెల ఫోనులో అంది, "అయిపోయింది హరితా, మస్తు నడుస్తుండు, గా బూట్లేస్తే రాత్రంతా ఏడుస్తుండు, సొసైటీల అందరూ అడుగుతుండ్రు, ఇగ తీసేసిన." హరిత అప్పుడు సంతోషించింది, నిజంగానే అయిపోయిందనుకుంది. బల్ల మీద కూర్చుని, కొత్త కట్టు ఇంకా వెచ్చగా ఉన్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఫోను చేసింది. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. ద్వారక ఎటువైపో, ఏ సెక్టారో, ఏ సొసైటీయో హరిత ఎప్పుడూ అడగలేదు.

ఇది చదువుతున్నవాళ్ళలో ద్వారక వైపు ఎవరైనా ఉంటే, మీ అపార్ట్‌మెంట్లో కావేరి అనే తెలుగమ్మాయీ, ఆమెకి చైతు అనే పిల్లాడూ ఉంటే, ఒక్కసారి వెళ్ళి చూసి రండి. కాలు సంగతి ముందే అడక్కండి, మంచినీళ్ళు అడగండి. పిల్లాడు నిలబడినప్పుడు చెప్పులు లేకుండా చూడండి. కుడి మడమ కిందికి మీ చిటికెనవేలు దూరకపోతే సంతోషం, టీ తాగి వచ్చేయండి. దూరితే మాత్రం ఆవిడ పక్కన కూర్చుని, ఎవరూ తిట్టరని, ఇంకా వేళ మించిపోలేదని, కట్టు మార్చే పని లేకపోయినా హరిత ప్రతీ శుక్రవారం అదే బల్ల మీద చోటు పట్టుకుని ఉంటుందని చెప్పండి.